దండు బాట నుంచి ఊరి కైఫియత్తు దాకా

కరణం ఇంట్లో ఉండే పాత కట్టను కవిలె అనేవారు. ఏ చెరువు కింద ఎంత మాగాణి ఉంది, ఏ గుడికి ఏ రాజు మాన్యమిచ్చాడు, ఊరు ఎప్పుడు పాడుబడి మళ్లీ ఎప్పుడు నిలబడింది అన్నీ అందులోనే. తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చిన ఆ దండకవిలెలు చాలామటుకు చెదలకూ వానకూ పోయాయి. పోకముందే కొన్నింటి సారం కాగితం మీదికెక్కింది. ఎక్కించినవాడు ఈస్టిండియా కుంఫిణీ పటాలంలో కోటలు కొలిచే ఇంజనీరు.

కాలిన్ మెకంజీ 1754లో స్కాట్లాండుకు పడమట, లూయిస్ దీవిలోని స్టోర్నవేలో పుట్టాడు. 1783లో మద్రాసులో దిగి, మూడేళ్లకు ఇంజనీర్ల దళంలో చేరాడు. టిప్పుతో యుద్ధాలు, 1793లో పుదుచ్చేరి ముట్టడి, 1796లో సింహళం, 1799లో శ్రీరంగపట్నం, 1811లో జావా. ఆయన జీవితంలో సగం దండు వెంటే గడిచింది. ఆయన కాగితాలు మొదలైందీ అక్కడే. దండు కదలాలంటే బాట తెలియాలి, కనుమ తెలియాలి, ఏరు ఎక్కడ దాటాలో తెలియాలి. ఎడ్లకు గడ్డి, మనుషులకు గింజలు, అందరికీ నీళ్లు కావాలి. మా సీమలో నీళ్ల సంగతే ముందు అడగాలి. చెరువు ఎక్కడుందని అడిగినవాడు ఎవరు తవ్వించారని కూడా అడిగితే చరిత్ర మొదలవుతుంది. మెకంజీ ఆ రెండో ప్రశ్న అడిగాడు. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

1792 తరువాత నిజాం రాజ్యంలో పటాలు గీస్తూ తిరిగినప్పుడు, 1794లో నల్లమల ఎక్కి శ్రీశైలం చూశాడు. ప్రాకారం మీది శిల్పాలను దినచర్యలో రాసుకున్నాడు. ‘పర్వతం’ గుడి పేరుతో అది ఏషియాటిక్ రిసెర్చెస్ ఐదో సంపుటంలో అచ్చయింది. 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి ఇచ్చేశాక దత్తమండలాలు అన్న పేరు వచ్చింది. (రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభలో గాని పుట్టలేదు.) 1809 నుంచి 1815 దాకా ఈ మండలాల సర్వే మెకంజీ పర్యవేక్షణలో నడిచింది. మా రేనాటి కోయిలకుంట్ల అప్పుడు కడప జిల్లాలో ఉండేది. కర్నూలులో కలిసింది 1858లో.

ఆయనకు తెలుగు రాదు. దేశభాషలు నేర్వలేదన్న కొరత 1817లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో తానే చెప్పుకున్నాడు. ఆ కొరత తీర్చినవాళ్లు ఏలూరు కావలి సోదరులు. బొర్రయ్య శాసనాలు చదవడంలో దిట్ట. 1803లో, ముప్పై ఏళ్లు నిండకుండానే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ బరువు మోశాడు. వీళ్ల కింది గుమాస్తాలు ఊరూరా తిరిగి కరణాలను కూర్చోబెట్టి రాయించుకున్నవే కైఫియత్తులు. కైఫియత్తు అంటే ఉన్న స్థితి, ఉన్న సంగతి. పారసీ దారిన తెలుగులోకి వచ్చిన అరబ్బీ మాట. వాటిని చదివితే కరణం గొంతు వినిపిస్తుంది. పురాణగాథతో మొదలై, విజయనగర రాయల మీదుగా, నవాబులు, పాళెగాళ్లు, చివరికి కుంఫిణీ దొరతనం. సదరు, మజుకూరు, యినాము లాంటి కచేరీ మాటలు తెలుగు వాక్యంలో కలిసిపోయి నడుస్తాయి. మెకంజీ పేరు మీద ఉన్నా, ఆ భాష మాత్రం కరణాలది.

1815లో మెకంజీ భారతదేశానికంతటికీ సర్వేయర్ జనరల్ అయ్యాడు. కట్టలన్నీ కలకత్తా చేరాయి. 1821 మే 8న ఆయన పోయాక కుంఫిణీ ఆయన భార్యకు లక్ష రూపాయలిచ్చి వాటిని కొన్నది. 1828లో సంస్కృత పండితుడు విల్సన్ వేసిన జాబితాలో 1,568 గ్రంథప్రతులు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాలు ఉన్నాయి. లక్ష్మయ్య ఆ పని కొనసాగిస్తానని అడిగితే కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. ఆ పనిని ఏళ్ల తరబడి చేసినవాడిని కాదన్నారన్నది ఇప్పటికీ బాధపెడుతుంది. దక్షిణాది కట్టలు మద్రాసుకు తిరిగొచ్చాక, 1820లో కడపలో కొలువు మొదలుపెట్టిన సి.పి. బ్రౌన్ వాటిలోని తెలుగు చరిత్రలకు నకళ్లు రాయించి కాపాడాడు. ఇప్పుడు కడపలో ఆయన పేరిట వెలసిన పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫియత్తులను అచ్చు వేసింది. కలకత్తా దాకా పోయిన ఊళ్ల మాట చుట్టూ తిరిగి సీమకే వచ్చింది.

మా రేనాటివాళ్లు వాటిలో ముందు వెతికేది పాళెగాళ్ల సంగతులు. దత్తమండలాల కలెక్టరు మన్రో వాళ్ల కోటలు తీసేసుకుని కొందరికి భరణాలు పెట్టాడు. నొస్సం పాళెగాడి మనవడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి తాత భరణం దక్కలేదు, నెలకు పదకొండు రూపాయల చిల్లర మిగిలింది. 1846 జులైలో ఆయన మనుషులు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న అదే ఊళ్లో ఆయన్ను ఉరితీశారు. అప్పటికి మెకంజీ పోయి పాతికేళ్లు దాటింది, ఊరూరా తిరిగే గుమాస్తాలు లేరు. ఆ కైఫియత్తును ఏ కరణమూ రాయించలేదు. రేనాటి పల్లెల్లో పాటగాళ్లు దాన్ని తమ నోటనే పెట్టుకున్నారు.