నాజియా హసన్

నాజియా హసన్ (1965 ఏప్రిల్ 3 – 2000 ఆగస్టు 13) పాకిస్తాన్‌కు చెందిన పాప్ గాయని, న్యాయశాస్త్ర పట్టభద్రురాలు, సమాజ సేవకురాలు. 1980లో విడుదలైన హిందీ చిత్రం 'ఖుర్బానీ'లోని 'ఆప్ జైసా కోయీ' పాటతో ఉపఖండమంతటా పేరు తెచ్చుకున్నారు. ఆమె గురించి వచ్చిన రాతల్లో అధికభాగం ఈ ఒక్క పాట దగ్గరే ఆగిపోతాయి. చదువు, ఐక్యరాజ్యసమితి ఉద్యోగం, మాదకద్రవ్యాల వ్యతిరేక కృషి రెండు వాక్యాల్లో ముగుస్తాయి. ఆమె జీవితకాలాన్ని చూస్తే ఈ పాళ్లు సరైనవి కావు.

కుటుంబం, తొలి పాటలు

కరాచీలో జన్మించారు. తండ్రి బసీర్ హసన్ వ్యాపారి, తల్లి మునీజా సమాజ సేవలో ఉండేవారు. బాల్యం కొంత కరాచీలో, కొంత లండన్‌లో గడిచింది. 1970లలో సోహైల్ రాణా పాకిస్తాన్ టెలివిజన్‌లో నడిపిన పిల్లల సంగీత కార్యక్రమం 'సంగ్ సంగ్ చలే'లో తమ్ముడు జోహెబ్‌తో కలిసి పాడారు. తర్వాతి ఆల్బమ్‌లన్నిటిలోనూ ఈ అక్కాతమ్ముళ్ల జంట కొనసాగింది.

'ఖుర్బానీ' పాట

నటుడు, దర్శకుడు ఫిరోజ్ ఖాన్‌ను ఆమె ఎలా కలిశారన్నదానిపై ఒకటికి మించిన కథనాలున్నాయి. లండన్‌లో జరిగిన ఒక విందులో పరిచయమైందన్నది వాటిలో ఎక్కువమంది చెప్పే మాట. ఖాన్ ఆమెను లండన్‌లో స్థిరపడిన స్వరకర్త బిడ్డు దగ్గరకు పంపారు. బెంగళూరులో పుట్టిన బిడ్డు అప్పటికే 1974లో కార్ల్ డగ్లస్ పాడిన 'కుంగ్ ఫూ ఫైటింగ్' నిర్మాతగా బ్రిటన్, అమెరికా జాబితాల్లో అగ్రస్థానం చూసినవారు. 'ఖుర్బానీ'లో మిగిలిన పాటలకు కల్యాణ్‌జీ–ఆనంద్‌జీ సంగీతం సమకూర్చగా, ఈ ఒక్క పాట బిడ్డుది. సాహిత్యం ఇందీవర్‌ది.

పాడినప్పటి ఆమె వయసు కొన్నిచోట్ల 14 అనీ, కొన్నిచోట్ల 15 అనీ కనిపిస్తుంది. చిత్రం 1980 జూన్‌లో వచ్చింది కాబట్టి విడుదల నాటికి ఆమెకు 15 నిండాయి. రికార్డింగు అంతకుముందే జరిగింది గనక 14 అన్న లెక్కనూ తోసిపుచ్చలేం. రెండు మాటలకూ మధ్య ఉన్నది కొద్ది నెలల తేడాయే.

పాట ఎందుకంత కొత్తగా వినిపించిందో చెప్పుకోవాలి. అప్పటి హిందీ సినిమా పాటకు శాస్త్రీయ శిక్షణ పొందిన, గమకాలు పలికే గొంతు ప్రమాణం. నాజియాది తర్ఫీదు లేని సన్నని గొంతు. అందులో కాస్త ముక్కుపలుకు ఉంది. బిడ్డు దాన్ని దాచే ప్రయత్నం చేయలేదు. ఆ గొంతునే ఒకదానిపై ఒకటి రెండు పొరలుగా పరిచారు. కింద ప్రతి మాత్రకూ డ్రమ్ము దెబ్బ సమానంగా పడుతుంటే, పైన గొంతు ఏ సంగతులూ వేయకుండా తిన్నగా సాగిపోతుంది. పెద్ద వాద్యబృందాల హోరుకు అలవాటుపడిన చెవికి ఆ ఖాళీయే ఆకర్షణ అయింది. తెరపై జీనత్ అమన్ అభినయించిన ఈ పాటకు నాజియా 1981లో ఉత్తమ నేపథ్య గాయనిగా ఫిల్మ్‌ఫేర్ పురస్కారం అందుకున్నారు. ఆ పురస్కారం పొందిన తొలి పాకిస్తానీ ఆమే.

ఆల్బమ్‌లు

1981లో హెచ్‌ఎంవీ విడుదల చేసిన 'డిస్కో దీవానే' సినిమాతో సంబంధం లేని పాటల సంకలనం. ఇది 14 దేశాల జాబితాల్లోకి ఎక్కిందనీ, బొంబాయిలో ఒక్కరోజులోనే లక్ష రికార్డులు అమ్ముడయ్యాయనీ తరచూ రాస్తారు. మొత్తం అమ్మకాల అంకె ఒక్కో రచనలో ఒక్కోలా ఉంది. గల్ఫ్ నుంచి వచ్చిన టేప్‌రికార్డర్లతో నకలు క్యాసెట్లు వీధివీధికీ చేరుతున్న రోజులవి కాబట్టి, కంపెనీ లెక్క ఎంతైనా విన్నవారి సంఖ్య దానికి మించే ఉంటుంది.

దక్షిణాసియాలో ఇదే తొలి పాప్ ఆల్బమ్ అనే మాట కూడా వాడుకలో ఉంది. దాన్ని యథాతథంగా ఒప్పుకోవడం కష్టం. అహ్మద్ రుష్దీ 1966లోనే 'కో కో కోరీనా' పాడారు. 1970లలో ఆలంగీర్ పాకిస్తాన్ టెలివిజన్‌లో పాప్ పాటలు వినిపించారు. సరిహద్దుకు రెండువైపులా సినిమా పాటతో పోటీపడి అమ్ముడైన తొలి పాప్ ఆల్బమ్ అంటే ఎక్కువ సబబుగా ఉంటుంది.

తర్వాత 'స్టార్' (1982), 'యంగ్ తరంగ్' (1984), 'హాట్‌లైన్' (1987) వచ్చాయి. కుమార్ గౌరవ్ నటించిన 'స్టార్' చిత్రం ఆడకపోయినా అందులోని 'బూమ్ బూమ్' నిలిచింది. 'యంగ్ తరంగ్' పాటలకు ప్రత్యేకంగా వీడియోలు తీశారు. పాకిస్తాన్‌లో అది కొత్త.

జియా ఉల్ హక్ పాలనలో పాప్ సంగీతానికి టెలివిజన్‌లో చోటు దొరకడం కష్టంగా ఉండేది. డాన్సు కనిపించకుండా ఈ జంటను నడుము పైభాగం వరకే చూపేవారన్న సంగతి ఆ కాలపు జ్ఞాపకాల్లో పదేపదే వస్తుంది. 1988 చివర బేనజీర్ భుట్టో ప్రధాని అయ్యాక పరిస్థితి సడలింది. మరుసటి ఏడాది షోయబ్ మన్సూర్ రూపొందించిన 'మ్యూజిక్ '89' కార్యక్రమాన్ని అక్కాతమ్ముళ్లే నడిపించారు. వైటల్ సైన్స్ వంటి కొత్త బృందాలకు అది వేదికైంది. మతపెద్దల నుంచి అభ్యంతరాలూ వచ్చాయి.

చదువు, ఉద్యోగం

ఇంత గిరాకీ ఉన్న రోజుల్లోనూ ఆమె పాటను పూర్తికాల వృత్తిగా తీసుకోలేదు. లండన్‌లోని రిచ్‌మండ్ అమెరికన్ విశ్వవిద్యాలయంలో బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, ఎకనామిక్స్ చదివారు. లండన్ విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా పొందారు. 1991లో న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలో, భద్రతామండలి వ్యవహారాలు చూసే విభాగంలో చేరారు. కొంతకాలం తర్వాత యునిసెఫ్‌కూ సేవలందించారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో నాయకత్వ శిక్షణకు ఉపకారవేతనం వచ్చినా అనారోగ్యం వల్ల చేరలేకపోయారని అంటారు.

1995లో బిడ్డు స్వరపరచగా అలీషా చినాయ్ పాడిన 'మేడ్ ఇన్ ఇండియా' మొదట నాజియాకే వచ్చిందనీ, స్వదేశంలో నొచ్చుకుంటారేమోనని ఆమె వద్దన్నారనీ ఒక కథనం ఉంది.

సేవ

1979 తర్వాతి అఫ్గాన్ యుద్ధకాలంలో పాకిస్తాన్ మీదుగా హెరాయిన్ రవాణా పెరిగి, కరాచీ బస్తీల్లోనే వాడకం వ్యాపించింది. దీనికి ఎదురుగా నాజియా, జోహెబ్ 'బ్యాటిల్ ఎగెనెస్ట్ నార్కోటిక్స్' సంస్థను స్థాపించారు. 1992లో వచ్చిన చివరి ఆల్బమ్ 'కెమెరా కెమెరా' ఆ ప్రచారంలో భాగమే. మునుపటి ఆల్బమ్‌లంతగా అది ఆడలేదు. సినీ పాటకు వచ్చిన పేరును ఒక సామాజిక సమస్యకు ఇంత నేరుగా వెచ్చించిన పాప్ గాయకులు ఆ తరంలో అరుదు గనుక, విజయంతో నిమిత్తం లేకుండా దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

కరాచీలోని పేదల పేట ల్యారీలో సంచార వైద్యశాలల కోసం ఆమె పాటుపడ్డారు. సింధ్‌లోని థార్‌పార్కర్‌లోనూ, సరిహద్దుకు ఇవతల రాజస్థాన్‌లోనూ పేద పిల్లలకు ఆటబొమ్మలు పంచారు. 'వాయిస్ ఆఫ్ విమెన్' వంటి సంస్థలతోనూ కలిసి పనిచేశారు.

వివాహం, చివరి రోజులు

1995లో కరాచీలో ఒక వ్యాపారవేత్తతో వివాహమైంది. 1997లో కొడుకు పుట్టాడు. అప్పటికే కాన్సర్ జాడలు కనిపించాయని కుటుంబం చెప్పింది. తల్లిగా ఆమెకు దక్కిన మూడేళ్ల పైచిలుకు కాలంలో చికిత్సకూ బిడ్డ పెంపకానికీ మధ్య విరామం దొరికి ఉండదు. మరణానికి కొద్దిరోజుల ముందు విడాకులు జరిగాయని పుట్టింటివారూ, జరగలేదని భర్తా చెప్పారు. 2000 ఆగస్టు 13న లండన్‌లో ఊపిరితిత్తుల కాన్సర్‌తో, 35 ఏళ్ల వయసులో మరణించారు. హెండన్ శ్మశానవాటికలో ఖననం చేశారు.

2002లో పాకిస్తాన్ ప్రభుత్వం మరణానంతరం 'ప్రైడ్ ఆఫ్ పెర్ఫార్మెన్స్' పురస్కారం ప్రకటించగా తల్లి మునీజా అందుకున్నారు. మరుసటి ఏడాది తల్లిదండ్రులు నాజియా హసన్ ఫౌండేషన్ నెలకొల్పారు. 2012లో హిందీ చిత్రం 'స్టూడెంట్ ఆఫ్ ది ఇయర్' 'డిస్కో దీవానే'ను ఆమె గొంతుతో సహా వాడుకుంది. 2018 ఏప్రిల్ 3న గూగుల్ తన ముఖపుటపై ఆమె బొమ్మ ఉంచింది. 'ఆప్ జైసా కోయీ' 2022లో 'యాన్ యాక్షన్ హీరో' చిత్రంలో మళ్లీ వినిపించింది.