రెండు టప్పాలు – నేటి మెసెంజర్లు



ఒకచోట నున్నవాడు వేరొకచోట నున్నవానికి మాట పంపవలెనన్న దూత కావలెను. పూర్వము ఆ దూత మనుష్యుడు; పిమ్మట టప్పా వచ్చెను; ఆ పిమ్మట తంతి; నేడు కంప్యూటరు. దాని ముందు కూర్చుండి అక్షరములు కొట్టినంతనే, సముద్రమున కావల నున్న కుమారుని యంత్రముపై ఆ యక్షరములు కనబడును. ఇట్టి పని చేయు ప్రోగ్రాములను మెసెంజర్లందురు. ఇవి అనేకములు పుట్టినవి, అనేకములు గిట్టినవి. వీనిలో దేనిని ఎంచుకొనవలెను, ఏ దృష్టితో పోల్చి చూడవలెను అను ప్రశ్నకు వాని ముప్పదియేండ్ల చరిత్రమే సమాధానమిచ్చునని నా తలంపు.

ఆ చరిత్రమునకు ముందు మన నడిగడ్డ చరిత్రమును కొంచెము స్మరింతము. అయిజకు ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర. ఈ రెండు నదుల నడిమి సీమ నిజాము రాజ్యములోనిది. తుంగభద్ర దాటినచో కర్నూలు, అది ఇంగ్లీషువారి మద్రాసు రాజధానిలోనిది. నిజాము ప్రభుత్వము 1869లో సొంత తపాలా బిళ్లలను వెలువరించెను. తరువాతి బిళ్లలపై తెలుగు అక్షరములును ఉండెను. కాని ఆ బిళ్ల నిజాము రాజ్యమునందే చెల్లును. రాయచూరు అప్పుడు ఆ రాజ్యములోనిదే గావున అచ్చటి చుట్టమునకు వ్రాయుటకు ఆ బిళ్ల చాలును. ఏటి కావలి కర్నూలు చుట్టమునకు వ్రాయవలెనన్న ఇంగ్లీషువారి టప్పా నాశ్రయింపవలెను. రూపాయియు నట్లే, ఇచ్చట హాలీ, అచ్చట కల్దారు. భాష యొక్కటే, బంధుత్వ మొక్కటే; టప్పాలు మాత్రము రెండు. 1950 ఏప్రిల్ 1వ తేదీన హైదరాబాదు టప్పా భారత తపాలాలో లీనమైనపిదప గాని ఈ భేదము తొలగలేదు.

దేశదేశములకు నడుమ ఈ చిక్కు అంతకు పూర్వమే తీరెను. 1874లో స్విట్జర్లాండునందలి బెర్న్ నగరమున 22 దేశములవారు కూడి, ఒకరి ఉత్తరములను వేరొకరు చేరవేయునట్లు ఒడంబడిక చేసికొనిరి. ఇండియా 1876లో అందు చేరెను. ఉత్తరము ఏ ప్రభుత్వము చేతిలో బడినను గమ్యము చేరవలెననునదే ఆ ఒడంబడిక సారము.

మెసెంజర్ల చరిత్రములో లోపించినది సరిగా ఈ ఒడంబడికయే. 1996 నవంబరులో ఇస్రాయేలు దేశమునందలి మిరాబిలిస్ అను సంస్థవారు ఐసీక్యూ అను ప్రోగ్రామును వెలువరించిరి. చేరిన ప్రతివానికి ఒక సంఖ్య నిచ్చెడివారు. మిత్రుడు తన యంత్రముకడ నున్నాడో లేడో అది తెలుపును. 1997లో అమెరికాయందు ఏ.ఓ.ఎల్. వారి ఎయిమ్, 1998లో యాహూవారిది, 1999లో మైక్రోసాఫ్టువారి ఎం.ఎస్.ఎన్. మెసెంజరు వచ్చెను. పని అన్నిటికిని ఒక్కటే. కాని ఒకదానిలో నున్నవాడు వేరొకదానిలో నున్నవానితో మాటలాడజాలడు.

1999లోనే ఈ గోడను దాటుటకు యత్నము జరిగెను. ఎం.ఎస్.ఎన్. తనవారికి ఏ.ఓ.ఎల్. వారితో మాటలాడు వీలు కల్పించెను. ఏ.ఓ.ఎల్. వెంటనే ద్వారము మూసెను. మైక్రోసాఫ్టు వేరు త్రోవ త్రవ్వెను, అదియు మూయబడెను. ఇట్లు పలుమారులు జరిగినపిదప మైక్రోసాఫ్టు విరమించుకొనెను. ఎం.ఎస్.ఎన్., యాహూలు మాత్రము 2006లో సంధి చేసికొని, తమ జనులు పరస్పరము మాటలాడుకొనునట్లు చేసినవి. ఆ సంధి 2012 వరకే నిలిచెను.

అవి మన తెలుగు పిల్లలు కంప్యూటరు విద్య నేర్చి అమెరికాకు విశేషముగా తరలిన దినములు. ఇచ్చట తల్లిదండ్రులు ఇంటర్నెట్టు కేంద్రమునకు బోయి, గంటకింత యని రుసుము చెల్లించి, పిల్లలు మేల్కొనియుండు వేళకై నిరీక్షించెడివారు. కుమారు డొక మెసెంజరులోను కుమార్తె వేరొకదానిలోను ఉన్నచో రెండును తెరువవలెను. మాట తెలుగైనను లిపి ఇంగ్లీషు. తెలుగక్షరములకు 1991లోనే యూనికోడునందు స్థానము లభించినను, విండోసు యంత్రములలో వానికి ఏర్పాటు కలిగినది 2001 నాటి ఎక్స్.పి. తోనే. నిజాము బిళ్లపై నున్న తెలుగు, కంప్యూటరు మెసెంజరులోనికి వచ్చుటకు అంతకాలము పట్టెను.

గోడలకు విరుగుడుగా రెండు మార్గములు వెలసినవి. మొదటిది, అన్ని భాషలు నేర్చిన దుబాసీవంటి ప్రోగ్రాము. 1998లో గెయిమ్ అను పేరుతో పుట్టి, 2007లో పిడ్జిన్ అని పేరు మార్చుకొన్నది అట్టిది. దానిలో ఒకే కిటికీనుండి యాహూ, ఎం.ఎస్.ఎన్. మొదలగువానిలోని మిత్రులందరితోను అప్పుడు మాటలాడ వీలుండెను. రెండవది బెర్న్ ఒడంబడికవంటి మార్గము. 1999లో జెరెమీ మిల్లర్ అను నతడు జాబర్ అను బహిరంగ పద్ధతిని లోకమునకు వెల్లడించెను. దాని నియమములు ఎవరైనను చదువవచ్చును, ఎవరైనను తమ కేంద్రమును నెలకొల్పవచ్చును; కేంద్రములు వేరైనను మాట చేరును. 2005లో వచ్చిన గూగుల్ టాక్ ఈ పద్ధతినే గైకొని, 2006లో ఇతర కేంద్రములకు ద్వారము తెరచెను. అంత పెద్ద సంస్థ తలుపు తీసినదని పలువురు సంతసించిరి. కాని 2013లో గూగులు వేరొక సాధనమువైపు మరలెను. 2022లో గూగుల్ టాక్ పూర్తిగా నిలిచిపోయెను.

ఇక తక్కినవాని గతి వినుడు. ఎం.ఎస్.ఎన్. మెసెంజరు 2013లో చాలదేశములందు మూతపడెను. ఎయిమ్ 2017లో, యాహూ 2018లో, ఐసీక్యూ 2024లో, స్కైపు 2025 మే నెలలో. మన తంతియు 2013 జులైలో ఆగినది. కాని పెట్టెలో దాచిన తంతి కాగితము నేటికిని చదువవచ్చును. నేనెరిగిన యొక యింట, దూరదేశమున గతించిన కుమారుని మాటలన్నియు ఒక మెసెంజరులోనే యుండెను. ఆ సంస్థ మూయుదుమని ముందుగానే ప్రకటించెను. ఆ ప్రకటన ఇంగ్లీషులో నుండుటచే ముసలి తల్లిదండ్రులకు బోధపడలేదు. గడువు ముగిసెను. ఇప్పుడు వారికడ ఒక్క మాటయు లేదు.

కావున దూతను పరీక్షించునట్లు మెసెంజరును నాలుగు విధముల పరీక్షింపవలెను. దూత రహస్యమును కాపాడవలెనని మన నీతిశాస్త్రములు చెప్పును. ఇదియే మొదటి పరీక్ష. వాట్సాపు 2016నుండి, సిగ్నల్ ఆదినుండియు, సందేశమును మధ్యవారు చదువజాలని ముద్రవేసి పంపుచున్నవి. టెలిగ్రాములో సాధారణ సంభాషణమునకు అట్టి ముద్ర లేదు. అది వేరుగా కోరుకొన్నప్పుడే కలుగును. రెండవది, మాటలు ఎచ్చట నిలువయుండునో తెలిసికొనుట. టెలిగ్రాము తన కేంద్రములలో నుంచును గావున క్రొత్త యంత్రమున గూడ పాత మాటలు కనబడును. సిగ్నల్ మన యంత్రములందే యుంచును గావున యంత్రము పోయిన, వేరుగా భద్రపరుపనిచో, మాటలును పోవును. రెండింటికిని గుణము కలదు, దోషము కలదు. మూడవది, ఇతర సాధనములలో నున్నవారికి మాట చేరునా యనునది. ఐరోపా సమాఖ్యవారి 2022 నాటి చట్టము, పెద్ద మెసెంజర్లు కోరినవారికి ద్వారము తెరువవలెనని విధించెను; 2024 మార్చినుండి అది ఆచరణలోనికి వచ్చెను. మనకు అట్టి చట్టము లేదు. నాలుగవది, మాటలను మన చేతికి తెచ్చుకొను వీలున్నదా యనునది.

పై మూడింటిలో తక్కువైనను ఓర్చుకొనవచ్చును. నాలుగవది లేనిదానిని మాత్రము నమ్మరాదని నా యభిప్రాయము. పిల్లలు ఏది వాడుచున్నారో దానినే వాడుడు. టప్పా మార్చుట మన చేతిలో లేదు. కాని సంవత్సరమున కొకమారు, వారు పండుగకు వచ్చినప్పుడు, ముఖ్యమైన మాటలను వేరొకచోట దాచియిమ్మని, కొన్నింటినైన కాగితముపై అచ్చువేసియిమ్మని కోరుడు. రాజ్యములు మారినను నడిగడ్డ యిండ్ల దూలములలో పాత ఉత్తరములు నిలిచినవి. మన మనుమల కాలమునకు మన మాటయు నట్లే నిలుచుగాక.