తుర్కీకి పంపిన ఇమ్దాద్ - మనకు దక్కిన దవాఖానా

సొసైటీ చందాకు ఇల్లిల్లూ తిరిగినప్పుడు "మా నూరు రూపాయలతోని ఏమైతది సార్?" అని అడిగినవారున్నారు. వారికి మేము చరిత్రలోని ఒక ముచ్చట చెబుతాము.

1912లో బాల్కన్ యుద్ధం వచ్చి తుర్కీ చితికిపోయింది. అప్పటికి మన దేశమే పరాయి పాలనలో ఉన్నది. అయినా ముస్లింలు చందాలు పోగుచేశారు. డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ వైద్య బృందంతో వెళ్ళి, 1913 దాకా అక్కడి క్షతగాత్రులకు సేవ చేశారు.

మొదటి ప్రపంచయుద్ధంతో ఉస్మానియా సామ్రాజ్యం కూలింది. 1924 మార్చిలో ఖిలాఫత్ రద్దయి, చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ కుటుంబంతో దేశం విడిచారు. మన హైదరాబాదుకు సొంత సిక్కా, సొంత రైలు ఉన్నా బ్రిటిషువారి నీడలోని సంస్థానమే. అయినా ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆయనకు నెలకు 300 పౌండ్లు పంపారు. 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో ఖలీఫా కుమార్తె దుర్రుషెహ్వార్, అదే వంశపు నిలోఫర్ నిజాం కోడళ్ళయ్యారు.

కొన్నేళ్ళకు నిలోఫర్ వద్ద పనిచేసే ఒకామె కాన్పులో చనిపోయింది. ఇంకే తల్లికీ ఆ గతి పట్టరాదని ఆమె పట్టుబట్టారు. 1953లో నిలోఫర్ దవాఖానా వెలిసింది.

జబ్బు చేసిన పసిబిడ్డను ఎత్తుకొని కట్టంగూర్‌లో హైదరాబాదు బస్సెక్కే తల్లి, ఏ మతమామె అయినా, తలుచుకునేది ఆ పేరే. ఇల్లూ దేశమూ పోయి వచ్చిన ఆడబిడ్డ పేరది.

సోదరులారా, చేసిన ఖిద్మత్ ఎక్కడికీ పోదు. నూరు రూపాయలతోని ఏమైతదో ఇప్పుడు మీరే చెప్పండి.