బుడగలున్నా బలం పోని ప్లాస్టిక్
బీటెక్ అయ్యేదాకా నాకు ఫోమ్ అంటే టీవీ డబ్బాలో వచ్చే థర్మోకోల్ ఒక్కటే. నొక్కితే పుటుక్కున విరిగేది. గట్టి ఫోమ్ కూడా ఉందని ఈ ఎపిసోడ్ కోసం చదివాకే తెలిసింది.

1980ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో ప్రొఫెసర్ నామ్ సుహ్ ముందున్న చిక్కు ఇదీ: ప్లాస్టిక్ తక్కువ పట్టాలి, వస్తువు మాత్రం బలహీనపడకూడదు. ఆయన బృందం ఆలోచన భలే ఉంటుంది. ప్లాస్టిక్‌లో ఎలాగూ కంటికి కనపడని లోపాలుంటాయి కదా. బుడగలు వాటికన్నా చిన్నవైతే, పగుళ్లు మొదలవడానికి అవి కొత్త చోటు ఇవ్వవు! అంటే సైజు సుమారు 10 మైక్రాన్లు, వెంట్రుక మందం కన్నా బాగా తక్కువ.

ఎలా చేస్తారు? గోళీసోడా గుర్తు తెచ్చుకోండి. ఒత్తిడితో గ్యాస్ ఎక్కించి, మెత్తబడేంత వేడి మీద ఒత్తిడి ఒక్కసారిగా తీసేస్తే కోట్ల బుడగలు ఒకేసారి పుడతాయి. పేటెంట్ 1984లో వచ్చింది. కానీ గట్టి ప్లాస్టిక్‌లోకి గ్యాస్ ఇంకడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పట్టేది. ఫ్యాక్టరీలో అది కుదిరే పనా? తర్వాత కరిగిన ప్లాస్టిక్‌లోకే నేరుగా గ్యాస్ పంపడం నేర్చుకున్నారు. బలం అస్సలు తగ్గదని నేననను, బరువు తగ్గేకొద్దీ కొంత తగ్గుతుంది. అయినా ఇప్పుడు కార్ల డ్యాష్‌బోర్డ్ భాగాలు కొన్ని ఈ పద్ధతిలోనే వస్తున్నాయి.