కుంభకోణమున ఒక పరీక్షల పుస్తకము

1903వ సంవత్సరమున కుంభకోణము టౌను హైస్కూలులో మెట్రిక్యులేషనుకు చదువుచున్న శ్రీనివాస రామానుజన్‌కు, ఒక మిత్రుని మూలమున, కళాశాల గ్రంథాలయపు పుస్తకమొకటి చేజిక్కినది. అప్పటికి అతనికి 15 ఏండ్లు. లోనీ రచించిన త్రికోణమితిని అంతకు ముందే సొంతముగా చదివి ముగించియుండెను.

ఈ పుస్తకమును కూర్చిన జార్జి షూబ్రిడ్జి కార్ మహాగణితజ్ఞుడు కాడు. కేంబ్రిడ్జి పరీక్షలకు విద్యార్థులను తయారుచేసిన ఉపాధ్యాయుడు. 1880–86 నడుమ వెలువడిన ఆ గ్రంథమున బీజగణితము, త్రికోణమితి, కలనము మొదలగు శాఖలనుండి సుమారు 5,000 ఫలితములు వరుసగా నున్నవి. ఉపపత్తులు మిక్కిలి తక్కువ. ఉన్నచోటను ఒక సూచనయో, ఒక పంక్తియో. మన పిల్లల మాటలో అది పరీక్షల గైడు!

వల్లె వేయుటకు కూర్చిన దానిని ఆ బాలుడు వల్లె వేయలేదు. ఒక్కొక్క ఫలితమును తానే సాధింపబూనెను. సందేహము తీర్చువారు లేరు. సరిచూచుకొనుటకు వేరు గ్రంథము లేదు. తరువాతి కాలమున కాగితము కొనలేక పలకపై లెక్కచేసి, మోచేతితో తుడిచి, తుది ఫలితమును మాత్రము నోటుపుస్తకమున కెక్కించెడివాడు.

హైస్కూలు చదువు గౌరవముగనే ముగిసినది. 1904లో కళాశాల ప్రవేశము, విద్యార్థివేతనము లభించినవి. కాని పరీక్షలు గట్టెక్కించుటకు వ్రాసిన పుస్తకమే అతనిచేత పరీక్షలను మరపించినది. తక్కిన పాఠ్యములను విడిచినందున వేతనము పోయినది. 1905లో ఇంట చెప్పక మన విశాఖపట్టణమునకు వెడలిపోయెను. 1907లో మద్రాసునుండి వ్రాసిన ఎఫ్.ఏ. పరీక్షలో గణితమున నెగ్గియు తక్కినవానిలో తప్పెను.

గురువు లేకపోవుటయే అతనికి మేలైనదని కొందరందురు. నేను అంగీకరింపజాలను. 19వ శతాబ్దిలో ఐరోపాలో వికసించిన సంకీర్ణ చలరాశి ప్రమేయముల సిద్ధాంతము కార్ గ్రంథమున దాదాపు లేదు. కావున రామానుజన్‌కును అది తెలియదు. 1913లో అతడు హార్డీకి వ్రాసిన లేఖలలో ప్రధాన సంఖ్యలను గూర్చిన కొన్ని ఫలితములు తప్పగుటకు ఈ కొరతయే కారణమని హార్డీ తేల్చెను. ఆ ఒక్క పాఠమును చెప్పగల ఉపాధ్యాయుడు ఆ హైస్కూలు చివరి యేట దొరకి యుండిన!

ఉపపత్తులు లేని ఆ నోటుపుస్తకములను ఫలితము వెంట ఫలితముగా పరిశీలించి, బ్రూస్ బెర్న్‌ట్ అను అమెరికా గణితజ్ఞుడు 1985నుండి 1998వరకు ఐదు సంపుటములు ప్రకటించెను.