డాక్టరమ్మకు రంది ఉండదా?

నా చిన్నప్పుడు బోధన్‌లో మా ఇంటిల్లిపాదికీ ఒకే డాక్టరమ్మ. దవాఖానా అంటే ఆమె ఇంటి ముందు గదే. ఒక బల్ల, గోడవారగా రెండు బెంచీలు. బీడీలు చుట్టీ చుట్టీ పట్టేసిన మెడ చూపించుకోవడానికి వెళ్లిన మా నాయనమ్మ కొడుకుల సంగతీ కోడళ్ల సంగతీ కూడా అక్కడే చెప్పుకుని తేలికపడి వచ్చేది. ఒకసారి వారం రోజులు ఆ తలుపు తెరుచుకోలేదు. తర్వాత తెరుచుకుంది. ఏమైందని ఎవరూ అడగలేదు. ఆమెకు ఒంట్లో బాగాలేదేమో అని అమ్మ అంటే, "డాక్టరమ్మకేం రంది? ఇల్లుంది, పైసలున్నయి" అని నాయనమ్మ కొట్టిపారేసింది.

కథల్లో స్త్రీల అలసటను వెతకడం నేర్చుకుని, దాని మీదే పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాక గానీ ఆ మాట నన్ను గుచ్చుకోలేదు. వైద్యుల అలసటకు చరిత్ర ఉందా అని మా జిల్లాలోనే వెతకడం మొదలుపెట్టాను.

మొదట ఎదురైన పేరు ఇసబెల్ కెర్. స్కాట్లండ్ స్త్రీ. 1903లో అబర్దీన్‌లో వైద్యపట్టా తీసుకుంది. 1907లో భర్త జార్జ్ కెర్‌తో కలిసి మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చింది. నిజామాబాద్‌లో పనిచేస్తూ, ఊరు వెలివేసిన కుష్ఠు రోగులకు నిలువనీడ లేదని గమనించింది. నర్సాగౌడ్ ఇచ్చిన విరాళం తోడై, 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి మొదలైంది. డాప్సోన్ వంటి మందులు 1940లలో గానీ రాలేదు. అంతదాకా చాల్‌మూగ్రా జాతి గింజల నూనె ఇంజెక్షన్లే ఆధారం. చిక్కటి నూనె, నొప్పి పుట్టించే సూది. నెలల తరబడి, మనిషి తర్వాత మనిషికి. 1923లో కెర్ దంపతులకు కైజర్-ఎ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఇసబెల్ చనిపోయింది.

విరాళానికీ భవనానికీ పతకానికీ చరిత్రలో చోటుంది. ఆ చేతుల అలసటకు మాత్రం లేదు. ఆమె మానసికంగా కుంగిపోయిందని నేననడం లేదు. ఆ ప్రశ్న అడిగే చోటే ఆ చరిత్రలో లేదంటున్నాను. మిషనరీ జీవితచరిత్రల భాషలో వైద్యం 'అర్పణ'. అర్పించుకున్న మనిషి అలసిపోవడం ఆ భాషలో విశ్వాసలోపంలా వినిపిస్తుంది. మన భాష ఏమంత మెరుగు? 'మంచి హస్తవాసి' అంటాం, 'దేవత' అంటాం. దేవతకు సెలవులుండవు కదా.

ఇక బోధన్ సంగతి. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాక ఈ ఊరి నడకంతా చెరకుతో ముడిపడింది. క్రషింగ్ సీజను ఎప్పుడు మొదలవుతుందో దాన్నిబట్టే పెళ్లిళ్లు, అప్పులు, డాక్టరు ఫీజులు. 2002లో ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి గేట్లు మూశారు. శక్కర్‌నగర్ కార్మికులకు జీతాలు ఆగిపోయాయి. ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు మనిషి నేరుగా మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడు. నిద్ర పడతలేదనో, గ్యాసనో, ఛాతీలో దడ అనో చెబుతూ తెలిసిన డాక్టరు ముందు కూర్చుంటాడు. గల్ఫ్‌కు పోయిన భర్త ఫోను కోసం ఎదురుచూసే భార్య, తంబాకు ఘాటుకు దగ్గే బీడీ కార్మికురాలు కూడా అదే బెంచీ మీద ఉంటారు. రోగం మూలం జీతంలో, అప్పులో, విడిపోయిన కాపురంలో ఉంది. డాక్టరు చేతిలో ఉన్నది చీటీ ముక్క. నయం చేయలేని దాన్ని రోజుకు ఎన్నోసార్లు వినడమే ఈ పనిలోని అసలు బరువు.

ఈ బరువుకు పేరు పెట్టినవాళ్లున్నారు. 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త దీన్ని 'బర్నౌట్' అన్నాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని వ్యాధిగా కాక, సరిగా నిర్వహించని దీర్ఘకాలిక పని ఒత్తిడి ఫలితంగా నిర్వచించింది. అంటే లోపం మనిషిలో కాదు, పనిని నడిపే తీరులో వెతకాలని. మన చర్చకు ఇంకా దగ్గరి మాట ఆర్లీ హోష్‌చైల్డ్ 1983లో చెప్పింది. జీతం కోసం నవ్వడం, ఓదార్చడం కూడా శ్రమేనని. ఆడ డాక్టరు ఇంకాస్త మెత్తగా మాట్లాడాలనీ, ఇంకాసేపు వినాలనీ మనమే ఆశిస్తాం. అది చదువుతో వచ్చిన నైపుణ్యం అనుకోం, ఆడతనం ఖాతాలో వేస్తాం. ఆ తర్వాత వంటిల్లు ఎలాగూ ఉంది.

నాయనమ్మ మాటలో వర్గసత్యం లేదని కాదు. డాక్టరమ్మ వారం రోజులు తలుపు మూసుకోగలిగింది. చేట ముందు కూర్చున్న నాయనమ్మకు ఒక్క పూట నాగా అయినా కూలి పోయేది. నర్సుకూ ఆయమ్మకూ ఆపాటి తలుపు కూడా లేదు. కానీ ఒకరి రందిని ఒప్పుకుంటే మరొకరిది తగ్గిపోదు. ఆ గదిలో బల్లకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లూ అలసిపోయిన శ్రామికులే. ఒకరి అలసట మరొకరికి కనబడకుండా చేసింది ఆ 'దేవత' అన్న మాటే.

ఈ మధ్య ఆ డాక్టరమ్మను కలిశాను. ప్రాక్టీసు మానేసి చాలా ఏళ్లయింది. ఆ వారం సంగతి అడిగాను. "పండుకున్న. తలుపు కొట్టుడు వినబడుతనే ఉండె. లేస్తే మళ్ల నవ్వాలె గదా బిడ్డా" అన్నారు.

1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీలను వాళ్ల నోటితోనే మాట్లాడించింది. కాగితాల్లో లేని చరిత్ర అడిగితేనే బయటికొస్తుందని ఆ పుస్తకం మనకు నేర్పింది. మన చిన్న పట్టణాల డాక్టరమ్మలు, నర్సులు, ఆశా కార్యకర్తలు ఇప్పుడు ముసలివాళ్లవుతున్నారు. వాళ్ల దగ్గరికి మన రోగాలతో కాకుండా ఒక్కసారి ప్రశ్నలతో వెళదాం. "మీకేం రంది?" అని కొట్టిపారేయకుండా, నిజంగానే అడుగుదాం.