గీత చెప్పినది, గీతకు అందనిది

బషీర్‌బాగ్ అనగానే నేడు వాహనముల రద్దీయే స్ఫురించును. ఒకప్పుడు అది బషీరుద్దౌలా బిరుదు గల సర్ ఆస్మాన్ జా తోట. ఆయన మహలు నేడు లేదు, పేరు మాత్రము నిలిచినది. 1887లో ఆయన నిజాము రాజ్యమునకు దివాను అయినారు. ఆయన కాలముననే శస్త్రవైద్య చరిత్రలో హైదరాబాదు పేరు దేశదేశాల వినబడినది.

రోగికి క్లోరోఫారం ఇచ్చునపుడు దేనిని కనిపెట్టి ఉండవలెను? శ్వాసనా, నాడినా? శ్వాసనే చూడుడని రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ వాదించినారు. ఊపిరి సక్రమముగా సాగినంతవరకు గుండెకు భయము లేదని ఆయన విశ్వాసము. 1888లో ఇక్కడ ఏర్పడిన విచారణ సంఘము ఆయన మాటనే బలపరచినది. లండనులోని ‘లాన్సెట్’ పత్రికకు నమ్మకము కుదరలేదు. అంతట నిజాము ప్రభుత్వము 1000 పౌనులు ఇచ్చి, ఆ పత్రిక ఎన్నుకొనిన లాడర్ బ్రంటన్‌ను 1889లో రప్పించినది. వందలకొలది జంతువులపై ప్రయోగములు జరిగినవి. రక్తపు ఒత్తిడిని ఎప్పటికప్పుడు గీతగా గీయు కైమోగ్రాఫు యంత్రమును అమర్చినారు. గుండెకు ప్రమాదము కలదని నమ్మి వచ్చిన బ్రంటన్ ఆ గీతలు చూచి, లారీ పక్షమునకు మారినారు!

యంత్రము అబద్ధమాడలేదు. అయినను సిద్ధాంతము తప్పినది. క్లోరోఫారం కొద్దిగా ఎక్కిన స్థితిలోనే గుండె అదరి హఠాత్తుగా ఆగిపోవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై నిరూపించినారు. హైదరాబాదు గీతలకు ఆ మరణము చిక్కలేదు.

ఈ కథ నాకు మరల జ్ఞప్తికి వచ్చుటకు కారణము కృత్రిమ మేధ. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె కడుపును పెద్దగా కోయక, చిన్న రంధ్రముల ద్వారా పిత్తాశయమును తొలగించినారు. 1990లో బొంబాయిలో తెహెంటన్ ఉద్వాడియా ఈ పద్ధతిని మన దేశమునకు తెచ్చినారు. తరువాత అది కాలేయమునకు ప్రాకినది. వైద్యుడు తెర చూచుచు పనిచేయును గనుక, జరిగినదంతయు చలనచిత్రముగా నిలుపవచ్చును. స్ట్రాస్‌బర్గు పరిశోధకులు 13 మంది వైద్యులు చేసిన 80 పిత్తాశయ చికిత్సల చిత్రములను 7 దశలుగా విభజించి, వానిని గుర్తించుట 2016 ప్రాంతమున యంత్రమునకు నేర్పినారు.

కాలేయము దగ్గర అంత సులువు కాదు. పిత్తాశయము తీయుట ఇంచుమించు ఒకే వరుసలో సాగును. కాలేయమున తీయవలసిన భాగమునుబట్టి దారియే మారును. బంధనములనుండి విడదీయుట, లోనికి వచ్చు రక్తమును బిగించి కొంతసేపు ఆపుట, కోయుట, నాళములను మూయుట ఒకదానిలో ఒకటి కలిసిపోవును. నెత్తురు, పొగ కెమెరాను కప్పును. రక్తమును బిగించి ఆపు ఉపాయమును 1908లో ప్రింగిల్ తెలిపినారు. బిగింపు మితిమీరినచో కాలేయమే చెడును. ఆ దశను సరిగా గుర్తించు యంత్రము కాలమును తానే లెక్కించి హెచ్చరింపగలదు.

అయితే ఏది ఏ దశయో ముందుగా గుర్తుపెట్టి నేర్పువారు మనుష్యులే. వారు చూపిన చిత్రములలో లేని రక్తస్రావము రేపు బల్లమీద ఎదురైనచో యంత్రమేమి చేయును? అందుకే ఒక్క ఆసుపత్రి చిత్రములు చాలవని, పలుచోట్లవి, అందును చిక్కుపడిన చికిత్సలవి కూడ చేర్చవలెనని పరిశోధకులు కోరుచున్నారు.